హైదరాబాద్‌లో రెండు రోజులు: చార్మినార్ కాదు, చింతచెట్టు

పెళ్లి శుక్రవారం అయిపోయింది, రాజమండ్రికి తిరుగు రైలు ఆదివారం రాత్రి. మధ్యలో రెండు రోజులు ఖాళీ. చార్మినార్, సాలార్‌జంగ్ ఇదివరకే చూసేశాను కాబట్టి ఈసారి వేరే లెక్క పెట్టుకున్నాను: ఈ ఊళ్లో మనుషులు పోయిన చోట్లు, పోయినవాళ్లని గుర్తు పెట్టుకున్న చోట్లు. "పెళ్లికి వెళ్లి ఇదేం బుద్ధండీ" అంది మా ఆవిడ ఫోన్లో. అయినా వాళ్ల తమ్ముణ్ణి నాకు తోడిచ్చింది. వాడికి రీల్స్ పిచ్చి.

నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం, ఇద్దరికీ రోజుకి 1,300. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు మాత్రం పొద్దున ఎనిమిదికల్లా ఆపేస్తారు, లిఫ్ట్ ఉందని ఫోన్లో చెప్పారు, నిజంగానే ఉంది, పనిచేయదంతే. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను, ఎందుకంటే మేం చూడాలనుకున్నవి దాదాపు అన్నీ మెట్రో ఎర్ర లైన్ మీదే ఉన్నాయి: అసెంబ్లీ, ఉస్మానియా మెడికల్ కాలేజీ, మూసారాంబాగ్. కుతుబ్ షాహీ సమాధులకి మాత్రం మెట్రో లేదు, మెహదీపట్నం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో.

ఆ సమాధులతోనే మొదలుపెట్టాం. ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు పదేళ్లకు పైగా చేసిన మరమ్మతులు అడుగడుగునా కనిపిస్తాయి, గుమ్మటాలు, బావులు అన్నీ కళగా ఉన్నాయి. నన్ను కాసేపు కదలనివ్వంది మాత్రం హమామ్, అంటే రాజుల శవాలకి ఆఖరి స్నానం చేయించిన గది. ఆ వంశంలో చివరివాడైన తానా షాకి ఆ స్నానం కూడా దక్కలేదు, 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది, ఆయన దౌలతాబాద్ కోటలో ఖైదీగా పోయాడు. బయట ఒక జంట ప్రీ వెడ్డింగ్ షూట్‌లో ఉంది. మేమూ ఫొటోలు దిగాం, ఏ మొహమాటమూ లేకుండా. "బావా, ఈ మొహమాటం ఎన్నేళ్లకి పోతుందంటావు?" అన్నాడు మావాడు. నా దగ్గర జవాబు లేదు, కానీ రెండు రోజులూ అదే మనసులో తిరిగింది.

గన్‌పార్క్‌కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగి నడిస్తే చాలు, ఖర్చేం లేదు. 1969 తెలంగాణ ఉద్యమంలో పోయినవాళ్ల కోసం ఎక్కా యాదగిరి రావు చెక్కిన స్తూపం అది. 369 మంది అని ఉద్యమకారులు చెప్పే లెక్క. కింద రాతిలో తూటా రంధ్రాలు, పైన తెల్లటి పువ్వు. చిన్నదే, పక్కన ట్రాఫిక్ మోత, అయినా అక్కడ గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం. సచివాలయం ఎదురుగా 2023లో తెరిచిన కొత్త అమరవీరుల స్మారకం ప్రమిద ఆకారంలో, స్టీలుతో, రాత్రి లైట్లలో చాలా బాగుంటుంది. బాగుంటుంది, అంతే. నాకు పాతదే నచ్చింది.

ఆ కొత్తదాని పక్కనే లుంబినీ పార్క్. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఇక్కడ లేజర్ షో దగ్గర ఒక బాంబు, నిమిషాల తేడాలో కోఠి గోకుల్ చాట్‌లో ఇంకొకటి, రెండు చోట్లా కలిపి 42 మంది. ఇప్పుడు పిల్లలు, బెలూన్లు, బుద్ధుడి దగ్గరికి బోట్లు. మావాడు బోటెక్కాడు, నేను ఒడ్డునే కూర్చున్నాను.

రెండో రోజు పొద్దున్నే ఉస్మానియా ఆస్పత్రి. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "ఏ వార్డు?" అన్నాడు. చింతచెట్టు అంటే నవ్వి దారి చూపించాడు. 1908 సెప్టెంబర్ 28న ఎగువన చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగి మూసీ ఊరి మీద పడినప్పుడు, ఈ చెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. ఊళ్లో పోయినవాళ్లు 15,000 వరకు ఉంటారని అంచనా. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లినీ భార్యనీ కూతుర్నీ పోగొట్టుకున్నాడు. విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టడం, అన్నీ ఆ తర్వాతి సంగతులే. ఇవన్నీ చదువుకునే వెళ్లాను, కానీ చెట్టు కింద నిలబడి కొమ్మలకేసి చూస్తే వేరేగా ఉంది. వాటి మీద రాత్రంతా అంతమంది, కింద నీళ్లు, చీకటి. పిల్లల్ని ఎలా పట్టుకున్నారో.

కింద పేషెంట్ల తాలూకు మనుషులు చాపలు పరుచుకుని ఉన్నారు. మావాడు ఫోన్ తీసి తిప్పుతుంటే ఒక పెద్దావిడ అడిగింది, "మీ పేషెంటు ఏడున్నడు బిడ్డా?" చెట్టు చూడ్డానికి వచ్చామని చెప్పాను. "చెట్టు సూడనీకె దవాఖానకొచ్చిన్రా" అని మళ్లీ సద్ది విప్పుకుంది. కోపమేం లేదు, ఆశ్చర్యం అంతే.

నాకు మాత్రం చురుక్కుమంది. 2015 జులై 14న మా ఊరి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగాక, ఇంటికొచ్చిన చుట్టాలు గోదావరి చూపించమని కాదు, "ఏ మెట్ల దగ్గర?" అని అడిగేవాళ్లు. తీసుకెళ్లేవాణ్ణి, లోపల తిట్టుకుంటూ. ఇక్కడ ఆ చుట్టాన్ని నేనే అయ్యాను. మావాడికి ఏమీ చెప్పలేదు, వాడే ఫోన్ జేబులో పెట్టేశాడు. వీలైతే సెప్టెంబర్ 28న వెళ్లండి, ఏటా ఆ రోజు కొందరు ఈ చెట్టు కిందే చేరి నివాళి అర్పిస్తారు, అప్పుడు మీ రాక ఎవరికీ వింతగా ఉండదు.

అక్కణ్ణుంచి కోఠి. గోకుల్ చాట్‌లో కట్లెట్, పానీపూరీ బాగున్నాయి, నిలబడే తినాలి, జనం భుజాలు రాసుకుంటున్నారు. తిన్నాక చెప్పాను, నిన్న చెప్పిన రెండో చోటు ఇదేనని. "ముందే చెప్తే తినేవాణ్ణి కాదు బావా" అన్నాడు. అందుకే చెప్పలేదన్నాను. కాసేపు మాట్లాడకుండా నిలబడి, ఇంకో ప్లేటు చెప్పాడు. దగ్గర్లోనే తుర్రెబాజ్ ఖాన్ స్మారకం ఉంది. 1857 జులైలో బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి దిగినవాడు, చంపాక శవాన్ని ఈ కోఠిలోనే వేలాడదీశారు. బస్సుల హడావుడిలో కళ్లు పెట్టి వెతికితే గానీ కనిపించదు.

ఆఖరున మూసారాంబాగ్‌లో దిగి ఆటోలో ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధికి. ఆటో 150 అడిగాడు, 100కి వచ్చాడు. నిజాం సైన్యంలో పనిచేసిన ఈ ఫ్రెంచాయన 1798లో పోయాడు. విషం పెట్టారని అప్పట్లో పుకార్లు. ముసల్మాన్లకి మూసా రహీం, హిందువులకి మూసా రాం, ఆ పేరే పేటకీ మెట్రో స్టేషన్‌కీ మిగిలింది. సాయంత్రం గాలికి, గ్రానైట్ స్తంభం పక్కన కూర్చోవడానికి రెండు రోజుల్లో ఇంత హాయైన చోటు ఇంకోటి తగల్లేదు, నీళ్ల సీసా మాత్రం కిందే కొనుక్కెళ్లండి. పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఇది ఎవరి సమాధిరా అని ఒకణ్ణి అడిగాను.

"తెల్వదన్నా. మీ కాళ్లకాడ బాల్ పడ్డది, జర ఇయ్యరాదే."