పోలార్: మ్యాడ్స్ మికెల్సన్ కోసమైనా చూడాలి

2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన పోలార్ సినిమా నిన్న రాత్రి మళ్లీ చూశాను. యాభై ఏళ్లు నిండితే రిటైర్ అవ్వాల్సిన కిరాయి హంతకుడు డంకన్ విజ్లా, అతనికి రావాల్సిన పెన్షన్ డబ్బులు ఎగ్గొట్టడానికి సొంత కంపెనీయే అతని మీదికి మనుషుల్ని పంపుతుంది, కథ ఇంతే. డంకన్ పాత్రలో మ్యాడ్స్ మికెల్సన్ మాత్రం ప్రాణం పెట్టేశాడు. పీడకలకి ఉలిక్కిపడి లేచి తుపాకీ పేల్చేసి, తీరా చూస్తే కొత్తగా తెచ్చుకున్న కుక్క చచ్చిపోయి ఉంటుంది కదా, అక్కడ నాకు గొంతు పట్టేసింది. కారిడార్ ఫైట్ అదిరిపోయింది. కానీ చిత్రహింసల సీన్లు మరీ సాగదీశారు, విలన్ అరుపులకి తలనొప్పి వచ్చింది. పిల్లలు పడుకున్నాకే పెట్టుకోండి, రక్తం మామూలుగా లేదు.