పొట్ట చర్మం తీయించుకుని మూడేళ్లు దాటాక: పొట్టకు పూర్తి మార్కులు, చేతులకు సగమే

ముందే చెప్పేస్తున్నా, ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. బరువు నాకు అంతకు ముందే స్లీవ్ సర్జరీతో (జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే ఆపరేషన్) తగ్గింది. 118 కిలోల దాన్ని 70 దగ్గరికి వచ్చాను. తగ్గాక మిగిలిన చర్మమే అసలు తలనొప్పి. ఏళ్ల తరబడి సాగిన చర్మం ఎంత నడిచినా, ఎన్ని క్రీములు రాసినా మళ్లీ బిగుసుకోదు. లైపోసక్షన్ చేయించుకుంటే పోతుందేమో అనుకుంటారు చాలామంది. అది కొవ్వు తీస్తుందే గానీ చర్మం తీయదు.

నాకు పొట్ట చర్మం తొడల మీదికి వేలాడేది. మా కావలిలో మే నెల ఉక్కపోత సంగతి తెలిసిందే కదా, ఆ మడత కింద చెమట ఆరేదే కాదు. ఒరుసుకుపోయి, ఎర్రబడి, ఫంగస్ పట్టి, వాసన. క్లోట్రిమజోల్ పౌడర్ చల్లుకుని, పాత నూలుచీర ముక్క మడతలో పెట్టుకుని తిరిగేదాన్ని. పెళ్లికి పోయి నలుగురి పక్కన కూర్చోవాలన్నా టెన్షనే. నేను ఆపరేషన్‌కి ఒప్పుకున్నది అందం కోసం కాదు, ఇందుకే.

చెన్నైలో ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పోతే వెంటనే తేదీ ఇవ్వలేదు. స్లీవ్ అయ్యి ఏడాది, ఏడాదిన్నర దాటాలి, బరువు కనీసం ఆరు నెలలు ఒకే చోట నిలబడాలి అన్నారు. చర్మం తీశాక బరువు ఇంకా తగ్గితే మళ్లీ వదులవుతుంది మరి. స్లీవ్ అయినవాళ్లకి ఐరన్, బి12, ప్రొటీన్ తక్కువగా ఉండటం మామూలే. అవి సరిగా లేకపోతే గాయం మానదు. నా హిమోగ్లోబిన్ చూసి తేదీ వెనక్కి జరిపారు. పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ఆ ముచ్చట తీరాకే దీని జోలికి పోవడం మంచిది.

ఇందులో రెండు రకాలున్నాయి. పానిక్యులెక్టమీలో కింద వేలాడే చర్మం, కొవ్వు కోసేస్తారు, అంతే. అబ్డామినోప్లాస్టీలో మధ్యలో విడిపోయిన పొట్ట కండరాలను కూడా దగ్గరికి లాగి కుడతారు. బొడ్డు ఉన్నచోటే ఉంటుంది. కిందికి లాగిన చర్మానికి కొత్తగా రంధ్రం పెట్టి బయటికి తీస్తారు. నాకు చేసింది ఈ రెండోది.

నొప్పికంటే విసిగించింది డ్రెయిన్లు. కోసినచోట లోపల చేరే నీరు బయటికి రావడానికి రెండు పక్కలా సన్నటి గొట్టాలు, చివర చిన్న ప్లాస్టిక్ బుడ్డి. రోజూ అందులోని నీరు కొలిచి రాసిపెట్టాలి. మొదట ఎర్రగా వచ్చింది, తర్వాత లేత గులాబీ, చివరికి ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ల రంగు. 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపు పడితేనే తీస్తామన్నారు. రొయ్యల గుంటల మేత లెక్కలు రాసే పుస్తకంలోనే మా అత్తమ్మ ఇదీ రాసేది. “ఇరవై ఎనిమిదికి దిగింది అమ్మాయ్, ఇంక పీకేస్తార్లే” అని నాకంటే ఆమే ఎక్కువ సంబరపడింది.

డ్రెయిన్లు తీసేశాక కూడా లోపల నీరు చేరింది. సెరోమా అంటారు. నెల్లూరులోనే సిరంజితో లాగించుకున్నా. సూది గుచ్చినట్టే తెలియలేదు, ఎందుకంటే అక్కడ స్పర్శ లేదు. ఇప్పటికీ బొడ్డు కింద అరచేతి మేర మొద్దుబారే ఉంది. వేడినీళ్ల బ్యాగు పెట్టుకునే అలవాటున్నవాళ్లు జాగ్రత్త, కాలినా తెలియదు.

కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మర్నాడే లేపి నడిపించారు. రెండు వారాల దాకా నిటారుగా నిలబడలేదు, వంగే నడిచాను. ఆరు వారాలు బరువులెత్తకూడదు, నీళ్ల బిందె కూడా. అన్ని రోజులూ పొట్టను బిగించి పట్టే కంప్రెషన్ గార్మెంట్ వేసుకునే ఉండాలి. మన ఎండల్లో అది నరకం. డిసెంబరులో చేయించుకుంటే చలికాలంలోనే గండం గడుస్తుంది. రెండు జతలు కొనుక్కోండి, ఒకటి ఉతికి ఆరేస్తే ఒంటి మీదికి ఇంకోటి కావాలి.

మచ్చ ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా ఉంటుంది. మొదటి ఏడాది నల్లగా, ఉబ్బి ఉండింది. సిలికాన్ జెల్ రాస్తూ పోతే ఏడాదిన్నరకి చదునైంది. లోలంగా బొందు సరిగ్గా దాని మీదే ఒరుసుకుంటుంది. ఎలాస్టిక్ లంగాకి మారాక హాయి. మడతే లేదు కాబట్టి దద్దుర్లు మళ్లీ రాలేదు. పౌడరు డబ్బా కొనడమే మానేశా.

చేతుల చర్మం కూడా తీయించుకున్నా, ఆ విషయంలో మాత్రం అంత తృప్తి లేదు. వేలాడేది పోయింది నిజమే. కానీ చంక నుంచి మోచేతి దాకా మచ్చ వెడల్పుగా మిగిలింది. అన్ని జాకెట్లకూ మోచేతి దాకా చేతులు పెట్టించుకుంటున్నా. చేతుల కింద ఒరుపు, దద్దుర్లు లేనివాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

డబ్బు మొత్తం మా చేతిదే. అందానికి చేసే సర్జరీ అని హెల్త్ పాలసీల్లో దీనికి మినహాయింపు ఉంటుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ వల్ల చేయాల్సి వస్తేనో, ఆరోగ్యానికి వెంటనే ముప్పు ఉందని డాక్టర్ రాసిస్తేనో తప్ప ఇవ్వరు. దద్దుర్ల మందుల చీటీలన్నీ పెట్టినా నాది ఒప్పుకోలేదు. రొయ్యల పంట కలిసొచ్చిన ఏడు కాబట్టి గట్టెక్కాం.

తొడలకు కూడా చేయించుకోమంటున్నారు. అక్కడ కుట్లు నడిచినప్పుడల్లా ఒరుసుకుంటాయి, మానడం ఆలస్యం. నాకు తొడల వల్ల పెద్ద ఇబ్బందీ లేదు. అందుకే వద్దన్నాను.