బ్లింకా, హెవెన్ సెంటా?

1963లో మొదలైన బీబీసీ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ 'డాక్టర్ హూ'లో ఏ ఎపిసోడ్ గొప్పదన్న మాట వస్తే, అభిమానుల నోట ముందుగా వినబడే వాటిలో ఈ రెండూ ఉంటాయి. రెండూ స్టీవెన్ మొఫాట్ రాసినవే.

2007 నాటి 'బ్లింక్'లో సీరియల్ హీరో డాక్టర్ కనిపించేది కాసేపే. రెప్ప వేస్తే చాలు, రాతి బొమ్మ మీదికొచ్చేస్తుంది. వెనకటి కథ తెలియక్కర్లేదు కాబట్టి కొత్తవాళ్లకి నేను ఇదే పెడతాను.

నా మనసు మాత్రం 2015 నాటి 'హెవెన్ సెంట్'దే. ఇంచుమించు అంతా డాక్టర్‌గా వేసిన పీటర్ కపాల్డీ ఒక్కడే. తనతో తిరిగిన నేస్తం క్లారా పోయిన దుఃఖం, వజ్రంకన్నా గట్టి గోడ, దాని మీద వట్టి పిడికిలి. గుద్దడం, చావడం, మళ్లీ మొదటికి రావడం. అలా 450 కోట్ల ఏళ్లు! మంట దగ్గర ఆరేసిన ఆ బట్టలు ఎవరివో మొదటిసారి తట్టదు. రెండోసారి చూస్తే గొంతు పూడుకుపోతుంది.