మక్కా మసీదు దగ్గర రూమ్ దొరకడం ఒకెత్తు, సరైన రూమ్ దొరకడం ఒకెత్తు

రంజాన్‌లో వచ్చే ఆఖరి శుక్రవారం నమాజు, జుమాతుల్ విదా, ఒక్కసారైనా హైదరాబాద్ మక్కా మసీదులో చదవాలని మా నాన్న ఎప్పట్నుంచో అంటున్నాడు. ఆయనకి ఇప్పుడు అరవై తొమ్మిది, మోకాళ్ళ నొప్పులు. ఇంక వాయిదా వేస్తే కుదరదని పోయిన రంజాన్‌కి కర్నూలు నుంచి ముగ్గురం, నేను, తమ్ముడు, నాన్న, బుధవారం బస్సెక్కేశాం. మూడు రాత్రులు ఉన్నాం, ఒక లాడ్జి మారాం, ఇంకో రెండు చోట్ల రూములు చూసొచ్చాం. పెద్దవాళ్ళని తీసుకెళ్ళే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మొదటి రాత్రికి ఫోన్‌లోనే బుక్ చేశాను, మ్యాప్‌లో చూస్తే మసీదుకి నాలుగొందల మీటర్లు, రేటు పద్నాలుగు వందలు, ఇంకేం కావాలి అనుకున్నా. ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగేసరికి రాత్రి తొమ్మిది దాటింది, ఆటో ఎక్కితే మదీనా చౌరస్తా దగ్గరే ఆపేశాడు, ముందుకి పోదు భాయ్, నడుచుకుంటూ వెళ్ళిపోండి అన్నాడు. రంజాన్‌లో రాత్రిపూట పత్తర్‌గట్టీ అంటే తెలుసు కదా, బట్టలు, అత్తరు, చెప్పులు, హలీమ్ బట్టీలు, కాలు పెట్టే సందు ఉండదు. ఆ జనంలో బ్యాగులు మోసుకుంటూ నాన్న చెయ్యి పట్టుకుని గుల్జార్ హౌజ్ దాటి, చార్మినార్ దాటి, ఒక గల్లీలోకి తిరిగి చూస్తే లాడ్జి. రూమ్ మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు, కడప బండల మెట్లు, నిటారుగా ఉన్నాయి. నాన్న ఒక్కో మెట్టుకి గోడ మీద చెయ్యి ఆనించి ఎక్కుతుంటే నాకు నా మీదే కోపం వచ్చింది, బుక్ చేసేముందు ఒక్క ఫోన్ చేసి ఏ ఫ్లోర్ అని అడగొచ్చు కదా.

రూమ్ చిన్నది, కిటికీ లేదు, దుప్పట్లు మాత్రం ఉతికినవే. అసలు ఇబ్బంది సెహరీకి, అంటే ఉపవాసం మొదలయ్యే ముందు తెల్లవారుజామున తినే టైమ్‌కి, వచ్చింది. తినడానికి బయటికి పోదామని నాలుగింటికి కిందికి దిగితే షటర్‌కి లోపల్నుంచి తాళం, రిసెప్షన్ బల్ల మీద కుర్రాడు తల వరకు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు, ఎంత పిలిచినా లేవడే. పాపం పొద్దంతా పని చేసి అలిసిపోయి ఉంటాడు, వాణ్ణి అనడానికి లేదు, కానీ తాళం తీసేసరికి పావుగంట పోయింది. తిని పైకి వచ్చి వజూ (నమాజుకి ముందు ముఖం, కాళ్ళు చేతులు కడుక్కోవడం) చేద్దామంటే ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి, బకెట్‌లో మిగిలిన సగంతోనే ముగ్గురం సరిపెట్టుకున్నాం. రంజాన్‌లో వెళ్ళేవాళ్ళు రేటు కంటే ముందు ఈ రెండూ అడగండి: సెహరీ టైమ్‌కి షటర్ తీసి ఉంటుందా, తెల్లవారుజామున నీళ్ళు ఉంటాయా.

కానీ ఆ గల్లీలో ఉండటం వల్ల దక్కినదీ చెప్పాలి. ఫజర్‌కి, అంటే తెల్లవారుజాము నమాజుకి, ఐదు నిమిషాల్లో మసీదులో ఉన్నాం. రాత్రి అంత జనం ఉన్న చోట ఆ టైమ్‌లో కొంచెం ఖాళీ, వజూ చేసే హౌజ్ (నీళ్ళ కొలను) మీద చల్లగాలి, వెలుతురు వచ్చేకొద్దీ ఆవరణలోకి పావురాలు గుంపులుగా దిగుతుంటే నాన్న చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు. కుతుబ్‌షాహీల కాలంలో మొదలుపెట్టిన కట్టడం, 1694లో ఔరంగజేబు హయాంలో పూర్తయింది, అంతా గ్రానైట్. మక్కా నుంచి తెచ్చిన మట్టితో చేసిన ఇటుకలు మధ్య కమాన్‌లో పెట్టారు కాబట్టి ఆ పేరు అంటారు. ఒక పక్కన నిజాముల సమాధులు ఉంటాయి, అవి చూడాలంటే పొద్దున్నే నయం.

గురువారం పొద్దున్నే తమ్ముడు నాంపల్లి వెళ్ళి రెండు లాడ్జీలు చూసొచ్చాడు. రూములు పెద్దవి, రేటు కూడా తక్కువే, స్టేషన్, మెట్రో రెండూ పక్కనే, పిల్లలతో నాలుగు రోజులు సిటీ చూడ్డానికి వచ్చేవాళ్ళకి అదే మంచిది. కానీ అక్కడి నుంచి చార్మినార్ ఐదు కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఫజర్‌కి, రాత్రి చదివే తరావీ నమాజుకి రోజూ ఆటో అంటే మాకు అయ్యే పని కాదు. సొంత కారు ఉన్నవాళ్ళకి ఆబిడ్స్ వైపు పార్కింగ్ ఉన్న హోటళ్ళు దొరుకుతాయి, పాతబస్తీ గల్లీల్లోకి మాత్రం కారు తీసుకురాకండి.

మాకు కుదిరింది అఫ్జల్‌గంజ్‌లో, నయాపూల్‌కి దగ్గర్లో. పద్దెనిమిది వందలు, లిఫ్ట్ ఉంది, ఇరవై నాలుగు గంటల చెకౌట్, ఇంగ్లీష్ కమోడ్ ఉంది (మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఇది చాలా ముఖ్యం, ఎవరూ రాయరు). కౌంటర్‌లో పెద్దాయన నాన్నని చూసి మేం అడక్కుండానే ఫస్ట్ ఫ్లోర్ ఇచ్చాడు, సెహరీకి పిలిచి లేపుతామన్నాడు, నిజంగానే రెండు రోజులూ లేపాడు. ముగ్గురి ఆధార్ కార్డులూ అడిగారు, తమ్ముడి దగ్గర ఫోన్‌లో ఫోటోనే ఉంటే కాసేపు ఒప్పుకోలేదు, ఒరిజినల్ పెట్టుకుని వెళ్ళండి.

జుమాతుల్ విదా రోజు మదీనా నుంచి లోపలికి వెహికల్స్ వదలరు కాబట్టి ఎక్కడ దిగినా చివర్లో నడకే. మేం పదింటికే బయల్దేరి, నాన్న నడకకి మధ్యమధ్యలో ఆగుతూ ముప్పావుగంటలో చేరాం. గేటు దగ్గర బ్యాగులు చెక్ చేస్తారు, ఏమీ తీసుకెళ్ళకపోతే తొందరగా వదులుతారు. ఇంకో గంట లేటయి ఉంటే ఆవరణలో చోటు దొరికేది కాదు, సఫ్‌లు (నమాజు వరుసలు) బయట రోడ్డు మీదికి వచ్చేశాయి. చూడ్డానికి మాత్రమే వచ్చేవాళ్ళు శుక్రవారం వద్దు, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ ఆ రోజు మూసే ఉంటాయి.

రాత్రి తరావీ అయ్యాక మసీదు పక్కనే నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, వేడి వేడి ఉస్మానియా బిస్కెట్లు. నాన్న రెండో చాయ్ కూడా అడిగాడు, ఇంట్లో ఎప్పుడూ అడగడు.

శనివారం బస్సుకి ముందు ఇంకోసారి మసీదుకి వెళ్ళాం. హౌజ్ పక్కన రాతి బల్ల మీద కూర్చున్నవాళ్ళు మళ్ళీ అక్కడికి వస్తారని అంటారు. నాన్న దాని మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ, ఆ లాడ్జి పెద్దాయన నంబరు తీసుకున్నావా అని అడిగాడు. తీసుకున్నా, రంజాన్‌కి నెల ముందే ఫోన్ చేయమన్నాడు.