జరిగి తీయడమా, తీశాక చెరపడమా?

బెంగళూరు లాల్‌బాగ్ తోటలో దాదాపు 300 కోట్ల ఏళ్లనాటి రాతిగుట్ట మీద కెంపేగౌడ గోపురాన్ని ఫొటో తీస్తే, వెనక అపార్ట్‌మెంట్లు కూడా పడతాయి. వాటిని తప్పించడానికి నేను ముందు గుట్ట కింద మోకాళ్ల మీద కూర్చుంటాను. కెమెరా దిగేకొద్దీ గోపురం ఆకాశంలోకి లేస్తుంది, భవనాలు రాతి చాటుకు పోతాయి. మనుషులు అడ్డొస్తే, వాళ్లు దాటేదాకా ఆగుతాను. ఆదివారం ఉదయమైతే చాలాసేపే ఆగాలి!

ఎడిటింగ్ దారి వేరు. ఫొటోషాప్‌లో 2010లో వచ్చిన కంటెంట్-అవేర్ ఫిల్ అనే సాధనం, చుట్టుపక్కల భాగాలను చూసి చెరిపిన చోటును నింపుతుంది. ఖాళీ ఆకాశంలో కరెంటు తీగకు అది చాలు, క్షణాల్లో పోతుంది. అదే తీగ కొమ్మల మీదుగా వెళ్తే మాత్రం ఒకే ఆకుల గుత్తి రెండుచోట్ల కనబడి, ఫొటో అతుకులేసినట్టు ఉంటుంది. అందుకే తీగలు చెరుపుతాను, భవనాలకైతే నేనే జరుగుతాను.