ఆ వెన్నుపూస వైద్యం రీల్‌లో ఆకుపచ్చ చుడీదార్ ఆవిడ నేనే. నాకు తగ్గలేదు, దయచేసి డబ్బులు కట్టకండి

నిన్న సాయంత్రమే హాస్పిటల్ నుంచి డిశ్చార్జ్ అయ్యాను. సూది తీసిన చోట చెయ్యి ఇంకా నల్లగా కమిలి ఉంది. కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయి. అయినా ఇవాళే రాస్తున్నాను, ఎందుకంటే ఆ వీడియో ఇవాళ పొద్దున కూడా తిరుగుతోంది. మా ఆడపడుచే నాకు పంపింది, "వదినా, ఇది నువ్వేనా, తగ్గిపోయిందా?" అని.

ఎవరి గురించి చెబుతున్నానో మీలో చాలామందికి తెలుసు. మెడకి టవల్ చుట్టి లాగడం, టక్కుమని చప్పుడు, పడుకున్నావిడ కళ్లనీళ్లు పెట్టుకోవడం, కింద "నడుం నొప్పి, పీసీఓఎస్, థైరాయిడ్, నెలసరి ఇబ్బందులు, అన్నిటికీ మూలం వెన్నుపూసే" అని రాయడం. హోలిస్టిక్ కైరోప్రాక్టిక్ అట, అంటే వెన్నుపూసల్ని చేత్తో సర్ది చేసే వైద్యం. (పీసీఓఎస్ అంటే అండాశయాల హార్మోన్ సమస్య.) హైదరాబాద్‌లో ఆడవాళ్ల ఫోన్లలో ఆ రీల్స్ రాని ఫోన్ ఉందనుకోను.

నా సంగతి క్లుప్తంగా. నలభై ఒకటి దాటాయి. ఆరేళ్లుగా నడుం నొప్పి. నెలసరి వచ్చిందంటే మొదటి మూడు రోజులూ గంటకో ప్యాడ్ మార్చాలి. గైనకాలజిస్ట్ ఐరన్ మాత్రలిచ్చి, స్కాన్ రాసిచ్చారు. టెన్త్ పిల్లల పరీక్షలు అయ్యాక చేయించుకుందాంలే అని ఆ చీటీ బ్యాగులో పెట్టుకుని తిరిగాను. ఈలోగా ఆ రీల్ కంటపడింది, వాళ్ల సెంటర్‌కి వెళ్లాను.

మొదటి రోజు నన్ను గోడకి ఆనించి ఫోన్‌తో ఫోటో తీశారు. ఏదో యాప్‌లో పెట్టగానే నా వీపు మీద ఎర్రగీతలు వచ్చాయి. "మీ కటి భాగం 11 మిల్లీమీటర్లు పక్కకి ఒరిగిపోయింది మేడమ్, మీ గర్భసంచి ఎలా పనిచేస్తుంది చెప్పండి?" అన్నాడు అక్కడి కైరోప్రాక్టర్. గోడ మీద చార్టు చూపించాడు. ఒక్కో వెన్నుపూసకీ ఒక్కో అవయవం. మూడో నడుం పూస పక్కన గర్భసంచి, మూత్రాశయం, మోకాళ్లు అని రాసి ఉంది. ఆ పూస సరిచేస్తే నరానికి దారి దొరుకుతుంది, బ్లీడింగ్ అదే సర్దుకుంటుంది అన్నాడు. ఎక్స్‌రే లేదు, స్కాన్ లేదు, రక్తపరీక్ష లేదు. నేను స్కూల్లో బయాలజీ చెబుతాను. వెన్నెముక పాఠం, ప్రత్యుత్పత్తి పాఠం రెండూ నేనే చెబుతాను. అయినా ఆ చార్టు ముందు తలూపుతూ నిలబడ్డాను. ఆరేళ్ల నొప్పి మనిషిని అలా చేస్తుంది. ఈ ఒక్క విషయంలో నన్ను నేను ఇంకా క్షమించుకోలేకపోతున్నాను.

24 సిట్టింగ్‌లకి 58,000. ఈరోజే కడితే ఆ రేటు, రేపైతే 75,000. కార్డు గీకాను. పైన "హార్మోన్ బ్యాలెన్స్ పౌడర్" అని ఒక డబ్బా, 1,800. ఐరన్ మాత్రలు ఆపేయమన్నాడు, అవి లివర్ మీద భారమట. స్కాన్ అక్కర్లేదన్నాడు. రెండూ విన్నాను.

అబద్ధం చెప్పను, మొదటి మూడు సిట్టింగ్‌లకి నడుం తేలికపడింది. మూడో రోజు టేబుల్ మీద నుంచి లేవగానే అసిస్టెంట్ ఫోన్ పట్టుకుని "ఎలా ఉంది మేడమ్?" అంది. "హాయిగా ఉంది, చాలా రోజుల తర్వాత వంగగలిగాను" అన్నాను. నేను అన్నది అంతే. చేరిన రోజు సంతకాలు పెట్టిన కాగితాల్లో వీడియోకి ఒప్పుకున్నట్టు కూడా ఉందని తర్వాత తెలిసింది.

నాలుగో వారంలో నెలసరి వచ్చింది, ఆగలేదు. పది రోజులు, పన్నెండు, పదిహేను. అడిగితే "హీలింగ్ క్రైసిస్ మేడమ్, పాత టాక్సిన్లు బయటికి పోతున్నాయి, ఇప్పుడు ఆపితే మొదటికొస్తుంది" అన్నాడు. పదిహేడో రోజు స్కూల్లో మెట్లెక్కుతూ రెయిలింగ్ పట్టుకుని కూలబడ్డాను. తోటి టీచర్ బలవంతంగా ల్యాబ్‌కి తీసుకెళ్లి రక్తం ఇప్పించింది. మర్నాడు పొద్దున ల్యాబ్ కుర్రాడే ఫోన్ చేశాడు: "ఆంటీ, హిమోగ్లోబిన్ 6.8 ఉంది, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లండి." ఆడవాళ్లకి 12 ఉండాలి.

నేను హాస్పిటల్‌కి వెళ్లలేదు. రిపోర్టు తీసుకుని ముందు ఆయన దగ్గరికే వెళ్లాను. అప్పటికీ ఆయన చూసి ఏదో ఒకటి చెబుతాడన్న నమ్మకం.

లోపలికి వెళ్లేసరికి కౌంటర్ దగ్గర సోఫాలో ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లుంటాయి. మొహం పాలిపోయి ఉంది, చేతులు పొట్ట మీద పెట్టుకుని ముందుకి వంగి కూర్చుంది. కౌంటర్ అమ్మాయి తన ఫోన్ ఆమె ముందు పెట్టి వీడియో చూపిస్తోంది. నా గొంతు వినిపించింది. "హాయిగా ఉంది, చాలా రోజుల తర్వాత..." ఆకుపచ్చ చుడీదార్, జడ ముందుకి పడి, నవ్వుతూ నేనే. కింద పసుపు అక్షరాలు: "పీసీఓఎస్ పోయింది! మందులు లేవు, ఆపరేషన్ లేదు!"

నాకు పీసీఓఎస్ అని ఈ భూమ్మీద ఏ డాక్టరూ చెప్పలేదు.

"ఈవిడ కూడా మీలాగే భయపడుతూ వచ్చారండీ, ఇప్పుడు పర్ఫెక్ట్" అంటోంది ఆ అమ్మాయి. తలెత్తి నన్ను చూసింది. గుర్తుపట్టింది. ఫోన్ బోర్లా పెట్టేసింది. నా చేతిలో 6.8 కాగితం, అక్కడ నా నవ్వుమొహం, మధ్యలో కార్డు చేత్తో పట్టుకుని ఆ పిల్ల. నా కాళ్లు వణికింది రక్తం లేక కాదు.

నోరు పెగల్చుకుని "అది నేనేనమ్మా, నాకు తగ్గలేదు, చూడు" అని రిపోర్టు చాపాను. ఈలోపు ఆయన గదిలోంచి వచ్చాడు. కాగితం చేతిలోకి కూడా తీసుకోలేదు. అందరి ముందూ, నవ్వుతూ, "మేడమ్, మీది నెగెటివ్ మైండ్. మనసు సహకరించకపోతే ఒళ్లెలా సహకరిస్తుంది? పక్కవాళ్లని డిస్టర్బ్ చెయ్యకండి" అన్నాడు. మిగిలిన సిట్టింగ్‌ల డబ్బు అడిగితే నో రిఫండ్ అని నా సంతకమే చూపించారు. వీడియో తీసెయ్యమంటే అదీ నా సంతకమే అన్నారు.

ఆటోలో హాస్పిటల్‌కి వెళ్లాను. రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. నేను తప్పించుకు తిరిగిన స్కాన్ అప్పుడు చేశారు. అడినోమయోసిస్. గర్భసంచి లోపలి పొర దాని కండరంలోకే చొచ్చుకుపోవడం. అంత బ్లీడింగ్ అందుకే, నెలసరికి ముందు నడుం లాగేసేదీ అందుకే అన్నారు. వెన్నుపూస పక్కకి జరగనే లేదు. గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ వేయించుకుని చూద్దాం, ఆపరేషన్ మాట తర్వాత అన్నారు. గైనకాలజిస్ట్ నన్ను ఒక్క మాటా అనలేదు. పాత చీటీ తేదీ చూసి ఊరుకున్నారు. అదే ఎక్కువ బాధేసింది.

మంచం మీద పడుకుని చదివాను. ఈ వైద్యం 1895లో అమెరికాలో డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. అంతకుముందు అయస్కాంత చికిత్స చేసేవాడు. నూటికి 95 రోగాలకి పూసలు జరగడమే కారణమని ఆయన సిద్ధాంతం. ఆ గోడ మీద చార్టు ఆ కాలపు నమ్మకమే. నన్ను ఏడిపించిన ఆ టక్కు శబ్దం ఎముక కుదురుకోవడం కాదు, కీలులోని ద్రవంలో గాలిబుడగ చేసే చప్పుడు. నడుం పట్టేసినవాళ్లకి ఇలాంటి చేతివైద్యం కొంత ఉపశమనం ఇవ్వొచ్చని మా హాస్పిటల్ ఫిజియో కూడా ఒప్పుకుంది. కానీ గర్భసంచికీ దానికీ సంబంధం లేదంది. మెడ గట్టిగా తిప్పినప్పుడు అరుదుగానైనా రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయట. నా మెడ పదకొండు సార్లు తిప్పారు.

మన దేశంలో డాక్టర్లకి ఉన్నట్టు కైరోప్రాక్టర్లకి చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. అంటే రిజిస్ట్రేషన్ నంబరు చూసి నమ్మడానికి అక్కడ నంబరే ఉండదు. నెలసరి సమస్యలు సరిచేస్తామని మందులకి ప్రకటన ఇవ్వకూడదని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో ఉంది, అందుకే ఆ పౌడర్ డబ్బా పారేయలేదు, లేబుల్‌తో సహా దాచాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. మీ దగ్గర కూడా ఆ రశీదులుంటే చింపకండి.

ఇంకేం చెప్పను. బ్లీడింగ్ ఎక్కువుంటే ముందు స్కాన్, రక్తపరీక్ష. ఐరన్ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపకండి. ప్యాకేజీ మొత్తం ముందే కట్టకండి. ఫోన్ ఎదురుగా పెట్టి "ఎలా ఉంది" అంటే జవాబు చెప్పకండి.

ఆ రోజు సోఫాలో కూర్చున్న చెల్లీ, నువ్వు కట్టావో లేదో నాకు తెలీదు. నన్ను బయటికి పంపేశారు, నీ పేరు కూడా అడగలేదు. నీలం సంచీ, మెడలో ఐడీ కార్డు. ఇది నీ కంటపడితే నాకు మెసేజ్ పెట్టు. స్కాన్‌కి ఒక్కదానివే వెళ్లడానికి భయమైతే నేను తోడొస్తాను.