నాలుక కింద పొర: ఆగడమా, కత్తెరా, లేజరా, కుట్లా? ఏది మేలు?

మాట రాకపోవడం వేరు, నోరు తిరగకపోవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకున్నప్పుడే టంగ్ టై (నాలుక కింద పొర బిగుతుగా ఉండడం) పేరుతో అక్కర్లేని ఖర్చు మొదలవుతుంది. రెండేళ్లు నిండిన పిల్లవాడు ఒకటి రెండు మాటలు తప్ప ఏమీ అనడం లేదు, వెనకనుంచి పిలిస్తే తల తిప్పడం లేదు అంటే, ఆ తప్పు నాలుక కింద పొరది కాదు. ముందు చేయించాల్సింది చెవి పరీక్ష. పొర బిగుతుగా ఉన్న పిల్లలు కూడా మాటలు వేళకే నేర్చుకుంటారు. కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకవు, అంతే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా వినడం వల్ల మాట ఆలస్యమవుతుందనే భయమూ వద్దు. రెండు భాషలు మాటను ఆపవు.

పాలు తాగే బిడ్డ సంగతి వేరు. అక్కడ పొర వల్ల నిజంగా ఇబ్బంది ఉంటే వారాల్లో తేల్చుకోవాలి, ఏళ్లు ఆగకూడదు. కాబట్టి ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఏది మేలో బిడ్డ వయసును బట్టి, ఇబ్బందిని బట్టి చెప్పాలి. నోరు తెరిపించి చూడగానే కనిపించిన పొరను బట్టి కాదు.

నాలుక కింద సన్నని తీగలాంటి పొర అందరికీ ఉంటుంది. అది పొట్టిగానో, మందంగానో, నాలుక కొస దాకా వచ్చి అంటుకునో ఉంటే టంగ్ టై అంటారు. బిడ్డ ఏడ్చినప్పుడు నాలుక కొస మధ్యలో నొక్కుకుపోయి గుండె ఆకారంలో కనిపిస్తుంది. పెద్ద పిల్లల్లో కొలిచే పద్ధతి ఒకటుంది. పొర అంటుకున్న చోటు నుంచి నాలుక కొస దాకా స్వేచ్ఛగా కదిలే భాగం 16 మిల్లీమీటర్లు దాటితే మామూలే. 12 నుంచి 16 ఉంటే స్వల్పం, 8 నుంచి 11 మధ్యస్థం, 3 నుంచి 7 తీవ్రం, 3 కంటే తక్కువైతే పూర్తిగా అంటుకున్నట్టు. కొలత ఒక్కటే చూసి కోత నిర్ణయించకూడదు. 9 మిల్లీమీటర్లున్నా హాయిగా తిని మాట్లాడే పిల్లలుంటారు.

ఆగడం

ఖర్చు లేని దారి ఇదే, కానీ ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. టంగ్ టై ఉన్న పసిబిడ్డల్లో చాలామంది తల్లి పట్టుకునే తీరు మారిస్తే సరిగ్గా తాగుతారు. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి, ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండాలి. నోరు ఆవలించినంత పెద్దగా తెరిచినప్పుడే బిడ్డను రొమ్ముకు తేవాలి, రొమ్మును బిడ్డ దగ్గరకు సాగదీయకూడదు. గడ్డం రొమ్ములోకి ఒరగాలి, కింది పెదవి బయటికి మడవాలి.

సరిపోతోందో లేదో చెప్పేది తూకం. పుట్టాక కొంత బరువు తగ్గడం మామూలే. పది నుంచి పద్నాలుగు రోజుల్లో పుట్టిన బరువుకు తిరిగి రావాలి, ఆ తర్వాత తొలి మూడు నెలలూ రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోయాలి. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ కోసం ఆశా దీదీ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలన్నది పథకం. ఆ తూకాలను కార్డులో రాయించుకోండి. తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా వాళ్లకు మీ మాటల కంటే ఆ అంకెలే పనికొస్తాయి.

బరువు పెరగకపోతే, తాగేటప్పుడు టక్ టక్ మని చప్పుడు వస్తూ పట్టు జారిపోతుంటే, ప్రతిసారీ ముప్పావు గంట తాగినా బిడ్డ ఆకలితో ఏడుస్తుంటే, తల్లి చనుమొనలు నలిగి పగుళ్లు తేలి, బిడ్డ వదిలాక ఒకవైపుకు నొక్కేసినట్టు కనిపిస్తే ఇక ఆగవద్దు.

వస అరగదీసి నాకించడం, గోటితో పొర చీల్చడం అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. వస వల్ల పొర వదులవదు. గోటి పని అయితే నేరుగా ప్రమాదం. నాలుక కింద రెండు పక్కలా రక్తనాళాలు, ముందువైపు లాలాజలం వచ్చే సన్నని గొట్టాల నోళ్లు ఉంటాయి. తేనె సంగతీ అంతే, ఏడాది లోపు బిడ్డకు చుక్క కూడా వద్దు.

కత్తెర

మూడు నెలల లోపు బిడ్డకు కోత అవసరమని తేలితే, మా లెక్కలో మొదటి ఓటు దీనికే. మత్తు అక్కర్లేదు, కోత కొన్ని సెకన్ల పని. బిడ్డను చేతులతో సహా గుడ్డలో చుట్టి, ఒకరు తలను కదలకుండా పట్టుకుంటారు. నాలుక మీద రెండు చుక్కల పంచదార నీళ్లు వేస్తారు. సర్జన్ రెండు వేళ్లతోగానీ, మధ్యలో చీలిక ఉన్న పల్చని ఉక్కు పనిముట్టుతోగానీ నాలుకను పైకెత్తితే పొర తెరచాపలా తెల్లగా బిగుసుకుంటుంది. మొన మొద్దుగా ఉన్న కత్తెరతో నాలుక అడుగుకు దగ్గరగా, లాలాజల గొట్టాలకు దూరంగా కత్తిరిస్తారు. ఒకటి రెండు చుక్కల రక్తం వస్తుంది. గాజుగుడ్డతో కాసేపు ఒత్తి పెట్టి వెంటనే పాలకు పెడతారు. ఆ చప్పరింపుతోనే రక్తం ఆగుతుంది, నొప్పీ తగ్గుతుంది.

మర్నాడు చూస్తే కోసిన చోట తెల్లగానో పసుపుగానో మచ్చ ఉంటుంది. అది చీము కాదు, నోట్లో పుండు మానే తీరే అది. ఒకటి రెండు వారాల్లో పోతుంది. అంతలో కంగారుపడి పసుపో, నెయ్యో, జెంషన్ వయలెట్ అనే ఊదా రంగు మందో పూయనక్కర్లేదు.

ఫలితం గురించి గొప్పలు పోకుండా చెప్పాలంటే, వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2017లో చేసిన సమీక్ష ఐదు ప్రయోగాల్లోని 302 మంది పసివాళ్లను లెక్కలోకి తీసుకుంది. కోత వల్ల తల్లి చనుమొన నొప్పి కొద్దికాలంలోనే తగ్గినట్టు తేలింది. బిడ్డ తాగే తీరు మాత్రం అన్నిచోట్లా ఒకేలా మెరుగుపడలేదు. అందుకే కోత అయ్యాక కూడా పట్టుకునే తీరు సరిదిద్దుకోవాలి. అది వదిలేస్తే కోసినా పాతపాటే.

కోతకు ముందు తప్పక అడగాల్సింది విటమిన్ కె ఇంజక్షన్ సంగతి. పుట్టగానే తొడకు వేసే ఈ ఇంజక్షన్ వేయకపోతే పసిబిడ్డకు రక్తం ఆగకపోవచ్చు. కొండ గ్రామాల్లో ఇంట్లోనే పురుడు జరిగితే ఇది తప్పిపోయి ఉండవచ్చు. ముందు అది వేయించి, ఆ తర్వాతే కత్తెర. మేనమామల్లోనో అన్నల్లోనో సున్తీకి, పన్ను పీకడానికి రక్తం ఆగని వాళ్లుంటే అదీ చెప్పాలి. కింది దవడ బాగా చిన్నగా, గడ్డం లోపలికి ఉన్న బిడ్డకు పొర కోస్తే నాలుక వెనక్కి జారి ఊపిరికి అడ్డం పడవచ్చు. అలాంటి బిడ్డను పెద్ద ఆస్పత్రిలోనే చూపించాలి.

లేజర్

దంతవైద్యుల క్లినిక్‌లలో ఎక్కువగా వినిపించే మాట ఇది. రక్తం తక్కువ, పొర మందంగా ఉన్నా పని శుభ్రంగా అవుతుంది. అంతవరకూ నిజమే. కానీ లేజర్ పొరను కాలుస్తుంది. కాలిన చోటు మానడానికి కత్తెర గాయం కంటే కాస్త ఎక్కువ రోజులు పట్టవచ్చు. పాలు తాగే బిడ్డ విషయంలో కత్తెర కంటే లేజర్ మేలనడానికి ఆధారాలు లేవని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2024 నివేదిక చెప్పింది. మరి రెండు మూడింతలు ఎందుకు కట్టాలి? పొర పల్చగా ఉన్న నెలల బిడ్డకు మేమైతే కట్టమని చెప్పం. ఐదారేళ్లు దాటి, చెప్పినమాట విని పది నిమిషాలు నోరు తెరుచుకుని కదలకుండా పడుకోగల పిల్లకైతే లేజర్ మంచిదే. ఒక్క చిన్న మత్తు సూదితో, నిద్ర మత్తు లేకుండా అయిపోతుంది. మూడేళ్ల వాడిని నలుగురు పట్టుకుని లేజర్ చేయించడం మాత్రం వద్దు. కళ్లకు పెట్టిన రక్షణ అద్దాలు తీసేస్తాడు, నాలుక లాక్కుంటాడు, కాలకూడని చోట కాలుతుంది.

ఇంకో జాగ్రత్త. తిమ్మిరికి పూసే జెల్‌లో బెంజొకెయిన్ ఉంటే రెండేళ్ల లోపు పిల్లలకు వాడకూడదు. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి పెదవులు నీలంగా మారే ప్రమాదం ఉంది. ట్యూబు మీద పేరు చదవండి. నాలుక పొరతో పాటు పై పెదవి పొర, బుగ్గల పొర కూడా కలిపి ప్యాకేజీ అంటే, ఆ రెండూ ఎందుకని అడగండి. పసిబిడ్డ పాల ఇబ్బందికి బుగ్గల పొరలు కోయడానికి సరైన ఆధారం లేదు.

కుట్లతో ఆపరేషన్

పొర మందంగా ఉన్నా, ఒకసారి కోసింది మళ్లీ అంటుకున్నా, పిల్ల ఏడాది దాటి, కదలకుండా పడుకోలేని వయసులో ఉన్నా ఇదే మిగులుతుంది. నిద్రమత్తు ఇచ్చి పొరను జెడ్ ఆకారంలో కోసి, ఆ చర్మపు ముక్కలను అటూ ఇటూ మార్చి, కరిగిపోయే దారంతో కుడతారు. నాలుకకు పొడవు వస్తుంది, మళ్లీ అంటుకోవడం తక్కువ. ఆపరేషన్ చిన్నదే, మత్తే పెద్దది. అందుకే సర్జన్ పేరు కంటే ముందు, చిన్నపిల్లలకు మత్తిచ్చే అనుభవం ఉన్న డాక్టరు ఆ రోజు ఉంటారా అని అడగాలి.

మన వైపు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఎక్కువ. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి ప్రాంతాల పిల్లలకు మత్తుకు ముందు ఆ పరీక్ష తప్పనిసరి అనుకోండి. జబ్బు ఉంటే మత్తులో ఆక్సిజన్ తగ్గకుండా, ఒంట్లో నీళ్లు తగ్గకుండా, చలి తగలకుండా చూసుకోవాలి. ముందు తెలిస్తే చేయగలిగినవే ఇవన్నీ. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ఆపరేషన్ వాయిదా వేస్తారు. మలేరియా రోజుల్లో జ్వరం వస్తే ముందు రక్తపరీక్ష. కడుపు ఖాళీగా ఉంచే లెక్క: అన్నం, పోత పాలు ఆరు గంటల ముందు ఆపాలి, తల్లిపాలు నాలుగు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు. పిల్ల ఏడ్చిందని అమ్మమ్మ బిస్కెట్టు పెడితే ఆ రోజుకు ఆపరేషన్ లేనట్టే. దూరం నుంచి వచ్చిన రైలు ఖర్చూ పోయినట్టే.

నోరు తిరగని పిల్లకు

కోతకు ముందే మాటల శిక్షకులకు (స్పీచ్ థెరపిస్టులకు) చూపించాలి. ఇంట్లో చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ‘తాత’, ‘నాన్న’, ‘లారీ’, ‘బడి’, ‘నీళ్లు’, ‘తాళం’ పలికించండి. ట, డ, ణ, ళ పలకాలంటే నాలుక కొస పైకి లేచి వెనక్కి మడత పడాలి. పొర బిగుతు ముందు ఇక్కడే పట్టిస్తుంది. ఒక్క ‘ర’ మాత్రమే తిరగక ‘లాలీ’ అంటుంటే, అదీ నాలుగేళ్ల పిల్ల అయితే, వయసుతో సరిపోయే లోపమే. ప, బ, మ కూడా తేడాగా పలుకుతుంటే కారణం నాలుక కాదు, ఎందుకంటే అవి పెదవులతో పలికేవి. ఐస్‌క్రీమ్ నాకలేకపోవడం, బుగ్గలో ఇరుక్కున్న అన్నం నాలుకతో తీయలేకపోవడం ఉంటే ఆపరేషన్‌కు బలం పెరుగుతుంది.

కోసినంత మాత్రాన ఏళ్లనాటి పలికే తీరు మారదు. నాలుక నేర్చుకున్న అలవాటు దానిది. ఆపరేషన్ తర్వాత గాయం మానాక పై పెదవికి కాస్త బెల్లం పాకం రాసి నాకించడం, ‘ళ’ మాటలు రోజూ పది నిమిషాలు పలికించడం లాంటివి నెలల తరబడి సాగాలి. శిక్షకులు ఒడియావాళ్లైనా ఇబ్బంది లేదు. ఒడియాలోనూ ణ, ళ ఉన్నాయి. ఇంట్లో వాడే తెలుగు మాటల జాబితా మీరు రాసి తీసుకెళ్తే చాలు.

ఎక్కడ, ఎంత

కత్తెర పనికి ప్రైవేటులో స్థూలంగా రెండు మూడు వేల నుంచి ఐదారు వేల దాకా, లేజర్‌కు ఐదు నుంచి పదిహేను వేల దాకా, మత్తిచ్చి కుట్లు వేస్తే ఇరవై నుంచి నలభై వేల దాకా అనుకుని బయల్దేరండి. చివరిదాంట్లో సర్జన్ ఫీజు ఒక భాగమే. మత్తు డాక్టరు, థియేటర్, రక్తపరీక్షలు, గది విడివిడిగా కలుస్తాయి. ‘అన్నీ కలిపి ఎంత’ అని కాగితం మీద రాయించుకోండి.

ఒడిశా ప్రభుత్వ ఆస్పత్రుల్లో నిరామయ పథకం కింద మందులు, నిదాన్ కింద పరీక్షలు ఉచితం. నెలల బిడ్డకు కత్తెర పని అయితే జిల్లా కేంద్ర ఆస్పత్రిలో ఈఎన్‌టీ డాక్టరునో పిల్లల డాక్టరునో అడగడమే మేలు. విశాఖ దాకా పరుగు అక్కర్లేదు. అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం పిల్లను చూసి డీఈఐసీకి (పిల్లల లోపాలను తొందరగా సరిదిద్దే జిల్లా కేంద్రానికి) రాసిస్తే చెవి పరీక్ష, మాటల శిక్షణ అక్కడే అడగవచ్చు. మాటల సమస్య గట్టిగా ఉంటే భువనేశ్వర్ దగ్గర జన్లాలో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

మత్తిచ్చే ఆపరేషన్‌కు మాత్రం మెడికల్ కాలేజీ కావాలి. కోరాపుట్‌లో సహీద్ లక్ష్మణ్ నాయక్, బరంపురంలో ఎంకేసీజీ, విశాఖలో కేజీహెచ్. రాయగడ వాళ్లకు రైల్లో విశాఖ సుమారు 200 కిలోమీటర్లు. బరంపురం రైల్లో వెళ్లాలన్నా విజయనగరం మీదుగానే తిరగాలి. గుణుపూర్, పర్లాకిమిడి వాళ్లకు విశాఖ ప్యాసింజర్ ఉంది. గంజాం వాళ్లకు బరంపురమే దగ్గర. విశాఖ వెళ్తే ఒక చిక్కుంది. ఆంధ్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ ఆంధ్ర కుటుంబాలకే. ఒడిశా 2025 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి ఆయుష్మాన్ కార్డు ఉంటే ఆ పథకం కింద నమోదైన ఆస్పత్రిలో వాడవచ్చు. ఐతే ఈ ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా, పిల్లను చేర్చుకుంటారా అని ఆయుష్మాన్ మిత్ర కౌంటర్‌లో బయల్దేరే ముందే ఫోన్లో కనుక్కోవాలి. బయటి రోగిగా కత్తిరించి పంపేస్తే కార్డు పని చేయకపోవచ్చు. రెండో చూపుకు మళ్లీ రావాలి కాబట్టి, కూలి పోయే రోజులు రెండింతలు లెక్కేసుకోండి.

ఇంటికి వచ్చాక పెద్ద పిల్లకు నొప్పికి పారాసిటమాల్ చాలు, కిలోకు 15 మిల్లీగ్రాములు. పది కిలోల పిల్లకు 150. సిరప్ సీసాల్లో 5 మిల్లీలీటర్లకు 120, 125, 250 మిల్లీగ్రాములవి ఉంటాయి. 125ది అయితే 6 మిల్లీలీటర్లు, 250ది అయితే 3. డ్రాప్స్ మరీ గాఢం, మిల్లీలీటరుకే 100. ఆరు గంటలకోసారికి మించి వద్దు. మూడు నెలల లోపు బిడ్డకు డాక్టరు చెప్పకుండా ఇది కూడా వేయకూడదు, తల్లిపాలే మందు. పది నిమిషాలు గాజుగుడ్డతో ఒత్తినా రక్తం ఆగకపోయినా, బిడ్డ పాలు మానేసినా, నాలుక కింద నీటిబుడగలా వాపు తేలినా వెంటనే వెనక్కి తీసుకెళ్లాలి.